లైను ఉంది

ఫిబ్రవరి 4

ఒరేయ్ తమ్ముడూ,

అందరూ ఉత్తరం మొదట్లో క్షేమం అని రాస్తారు. నేను రాయను. నువ్వు ఎలాగూ క్షేమమే, నగరంలో నీళ్ళ శాఖ పెద్దాఫీసులో ఫ్యాను కింద కూర్చున్నావు. మేమూ బాగానే ఉన్నాం అనుకో, మోకాళ్ళు తప్ప.

మీ బావ మొన్న కింది వీధిలో ఇంకో నాలుగు మరుగుదొడ్లు కట్టి వచ్చాడు. ఊరందరికీ కట్టే తాపీమేస్త్రి మనింటికీ ఒకటి కట్టాడు కదా. తలుపుంది, గొళ్ళెముంది, తెల్లటి పింగాణీ ఉంది, పోసుకోవడానికి బకెట్టు నీళ్ళు మాత్రం లేవు. ఇప్పుడు దాన్నిండా ఆయన తాపీలు, సగం వాడిన సిమెంటు బస్తాలు. చుట్టాలు తలుపు తీసి చూసి, స్టోర్రూము బాగా కట్టుకున్నారమ్మా అంటున్నారు. మేం మాత్రం ఎప్పటిలాగే వెలుతురు రాకముందే రాళ్ళ వెనక్కి వెళ్ళొస్తున్నాం.

నీ మేనకోడలికి వచ్చే నెల పదో తరగతి పరీక్షలు. పొద్దున లేచిన దగ్గర్నుంచి స్కూలు వదిలేదాకా గుక్కెడు నీళ్ళు తాగదు. ఎందుకే అంటే, తాగితే వెళ్ళాలిగా, వెళ్ళడానికి చోటేదీ అంటుంది. పదిహేనేళ్ళ పిల్ల ఆలోచించాల్సిన ఆలోచనేనా ఇది? వింటుంటే నాకు కడుపు మండిపోతుంది.

సరే, అసలు మాటకొస్తాను. మూడేళ్ళుగా ఎన్ని అర్జీలు పెట్టానో, ఎంతమందితో నోరు చేసుకున్నానో నీకు తెలుసు. ఆ పోట్లాట ఊరికే పోలేదు. మొన్న సోమవారం మన పైవీధికి లైను వచ్చింది. నిజంగా, మన గుమ్మం ముందుకే. ఇక పిండిమర దాకా నూట పన్నెండు మెట్లు దిగి, నిండు బిందెతో మళ్ళీ ఎక్కే పని లేదు. తలుపు తీస్తే చాలు. మొదటిరోజు నిండిన బిందె గుమ్మంలో దించి దాని పక్కనే చతికిలబడి ఏడ్చాను. ఎదురింటి నర్సు నన్ను చూసి నవ్వింది, ఆనక తనూ ఏడ్చింది.

ఈ మాట నీకు కాక ఇంకెవరికి చెప్పను? మిషను మీద ముప్పై స్కూలు గౌన్లు ఎదురుచూస్తున్నాయి, ఉంటాను.

మీ అక్క

---

ఫిబ్రవరి 13

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులోనే అందింది. చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్క బల్ల ఆయన ఏమైందోనని కంగారుపడ్డాడు. మా వీధికి లైను వచ్చిందండీ అన్నాను. ఎప్పుడూ తలెత్తి చూడని మా సూపరింటెండెంటుగారు కూడా లేచి వచ్చి చెయ్యి కలిపారు.

నేనిక్కడ చేసే పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఏ వీధికి లైను ఉంది, ఏ వీధికి లేదు అని మా దగ్గర పెద్ద జాబితా ఉంటుంది. ఒక్కో వీధి పేరు పక్కన ఒక గడి. ఆ గడిలో 'ఉంది' అనో 'లేదు' అనో రాయడమే నా ఉద్యోగం. ఎనిమిదేళ్ళుగా మన పైవీధి పక్కన నా చేత్తో నేనే 'లేదు' అని రాస్తూ వచ్చాను. రాసిన ప్రతిసారీ నీ మొహం గుర్తొచ్చేది. నీ ఉత్తరం వచ్చిన రోజే 'ఉంది' అని రాసేశాను. ఇన్‌స్పెక్టరు రిపోర్టు ఇంకా రాలేదు గానీ, సొంత అక్క మాటకంటే ఏ రిపోర్టు ఎక్కువ?

నీళ్ళు ధారగా వస్తున్నాయా, సన్నగా వస్తున్నాయా? పంపు కట్టేటప్పుడు మరీ బిగించకు, వాషరు పోతుంది. నీ చేతి బలం నాకు తెలుసు. దొడ్లో సిమెంటు బస్తాలు తీసేసి అక్కడే ఓ చిన్న తొట్టి కట్టమని బావతో చెప్పు. పిల్లని కడుపునిండా నీళ్ళు తాగమను, మావయ్య గట్టిగా చెప్పాడను.

అమ్మ బిందె ఇంకా ఉందా? చిన్నప్పుడు నేను మెట్ల మీద దొర్లించి చిల్లు చేసింది. పాపం, దానికిక రిటైర్మెంటు ఇచ్చెయ్యి.

సంతోషం పట్టలేని
నీ తమ్ముడు

---

ఫిబ్రవరి 26

ఒరేయ్ ఫ్యాను కింది తమ్ముడూ,

వెక్కిరించడం ఎప్పుడు నేర్చుకున్నావురా? పంపేమిటి, వాషరేమిటి, తొట్టేమిటి? నీ ఉత్తరం పైకి చదువుతుంటే మీ బావ, "మీవాడికి నగరం నీళ్ళు వంటబట్టాయే, మనమీద జోకులేస్తున్నాడు" అన్నాడు. పని ఎక్కువై ఇంకెవరి ఉత్తరంతోనో కలిపేసుకుని ఉంటాడులే అని నిన్ను వెనకేసుకొచ్చాను. తర్వాత ఒక్కదాన్నే కూర్చుని చదివితే నాకూ ఒళ్ళు మండింది.

అమ్మ బిందెకి రిటైర్మెంటా? అది ఇప్పుడే ఉద్యోగంలో చేరింది. మంచి బిందె లైన్లో పెట్టి ఇంట్లోకి వచ్చామా, తిరిగి వెళ్ళేసరికి మాయం. చిల్లు బిందెని ఎవరెత్తుకుపోతారు? అందుకని నా చోటులో దాన్నే పెడుతున్నాను. అది ఎక్కడుంటే మేం అక్కడున్నట్టే, వీధంతా ఒప్పుకున్న మాట అది. ట్యాంకరు హారను వినబడగానే అసలు బిందెలు తీసుకుని బయటికి వస్తాం.

నువ్వు మన వీధికి 'ఉంది' అని రాశావన్నది మాత్రం నచ్చింది. జనం ఎక్కడెక్కడ లైన్లో నిలబడుతున్నారో రాసిపెట్టే ఆఫీసు ఒకటుందని నాకిన్నాళ్ళూ తెలియదు. మంచి పనేరా. ఎనిమిదేళ్ళు 'లేదు' అని ఎందుకు రాశావా అని మొదట కోపం వచ్చింది గానీ, మేం పిండిమర దగ్గర నిలబడేవాళ్ళం కదా, కింది వీధిలో కలిపేసి ఉంటారులే అని సర్దుకున్నాను.

ఇంతవరకు పోయిన వారం రాసి పక్కన పెట్టాను. మిగతాది ఇవాళ రాస్తున్నాను, ఒళ్ళు తెలియని కోపంతో.

ట్యాంకరు రావడం లేదు. ఇవాళ్టికి ఆరు రోజులు. అది మెట్ల వెనక మట్టి దారిన పైదాకా రావాలని మూడేళ్ళు పోట్లాడితే, వచ్చింది మూడు వారాలు కూడా కాలేదు. పొద్దున పిండిమర దగ్గర డ్రైవరు దొరికాడు. "మీ వీధి పేరు కొట్టేశారమ్మా. మీకిక ట్యాంకరు అక్కర్లేదని పైనుంచి రాసి పంపారు" అన్నాడు. కింది వాళ్ళ లైన్లో నిలబడితే, మీ పేరు లేదు పొమ్మన్నాడు.

పైనుంచి అంటే నీ ఆఫీసే కదా. ఆ రాసిన మహానుభావుడెవరో కనుక్కో. వాడు ఒంటినిండా సబ్బు రాసుకున్నాక పంపు ఆగిపోను. పేరు తెలిస్తే రాయి, మిగతా శాపాలు పేరు పెట్టి పెడతాను.

ఇప్పుడు రాళ్ళ క్వారీ గుంట నుంచి తెచ్చుకుంటున్నాం. ఆ నీళ్ళు పచ్చగా ఉన్నాయి. బట్టలో వడకట్టి కాచి తాగుతున్నాం. నిన్నటి నుంచి పిల్లకి వాంతులు, విరేచనాలు. ఆ రాళ్ళ దాకా కూడా నడవలేకపోతోంది. దొడ్లో సిమెంటు బస్తాలు బయట పడేసి, ఉన్న రెండు బిందెలూ దానికోసమే ఉంచాను. ఆశకి నీళ్ళొదులుకుందామంటే అందుకూ నీళ్ళు లేవురా.

త్వరగా కనుక్కో.

మీ అక్క

---

మార్చి 7

అక్కా,

ఆ మహానుభావుణ్ణి కనుక్కున్నాను. నేనే.

కింద చదివే ముందు తిట్టాల్సినవి తిట్టెయ్యి, ఆగుతాను.

మా ఆఫీసులో లైను అంటే గొట్టం. భూమిలో వేసే నీళ్ళ గొట్టం. నువ్వు రాసిన లైను బిందెల వరుస. నేను పెరిగింది ఆ వరుసలోనే, ఆ చిల్లు బిందె పక్కన కూర్చునే ఎక్కాలు కంఠస్థం చేశాను. ఎనిమిదేళ్ళు ఈ కుర్చీలో కూర్చునేసరికి ఆ మాటకి మనింటి అర్థం మర్చిపోయాను. గొట్టం ఉన్న వీధికి ట్యాంకరు దండగని పేరు కొట్టేస్తారు. అలా నా చేత్తోనే నీ నీళ్ళు ఆపేశాను. పిల్ల సంగతి చదివాక అన్నం సహించలేదు.

వెంటనే సూపరింటెండెంటుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు తలుపు మూయమన్నారు. జాబితా పైకి వెళ్ళిపోయిందట. రిపోర్టు లేకుండా రాశానని బయటపడితే నా ఉద్యోగం పోతుందట, దానిమీద ఆయన సంతకం కూడా ఉంది కాబట్టి ఆయనకీ మాట వస్తుందట. దారి ఆయనే చెప్పారు. నాలుగు రోజుల్లో మన వీధిలో ఒక దిమ్మ కట్టి పంపు పెడతారు. ఇన్‌స్పెక్టరు వచ్చి, నువ్వు పంపు తిప్పుతున్నట్టు ఫోటో తీసి, నీళ్ళు అందుతున్నాయని ఓ కాగితం మీద సంతకం తీసుకుంటాడు. దాంతో జాబితా సరిపోతుంది. గొట్టం వచ్చే ఏడాది కలుపుతారు. అంతవరకు ట్యాంకరు గుట్టుగా పంపిస్తామన్నారు. తప్పకుండా పంపిస్తారా అని అడిగితే కాస్త నీళ్ళు నమిలారు గానీ, పంపిస్తారనే అనుకుంటున్నాను.

ఇన్నాళ్ళూ అర్జీలు పెట్టింది నువ్వు కాబట్టి నీ సంతకమే కావాలట. పెట్టెయ్యి అక్కా. మా ఇంట్లో ఆర్నెల్ల పాప ఉంది, ఈ ఉద్యోగం పోతే ఏం చేయాలో నాకు తెలియదు. ఇంతవరకు నిన్ను ఏదీ అడగలేదు.

పిల్లకి ఎలా ఉందో రాయి. నీళ్ళు బాగా మరగనివ్వండి.

తప్పు చేసిన
తమ్ముడు

---

మార్చి 17

తమ్ముడూ,

పిల్ల లేచి తిరుగుతోంది. నర్సు వారం రోజులు తన కూతుర్ని చూసుకున్నట్టు చూసుకుంది. నీళ్ళు మరగనివ్వమని రాశావు. మరిగిస్తున్నాం, కాకపోతే ముందు వాటిని క్వారీ నుంచి మోసుకురావాలి.

నిన్ను తిట్టాను. ఆగుతానన్నావు గానీ అంతసేపు నువ్వు ఆగలేవు. మీ బావ మాత్రం నీ ఉత్తరం విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వు పెట్టిన శాపాలన్నీ మీవాడికే తగిలాయి" అన్నాడు. సబ్బు శాపం ఒక్కటి వెనక్కి తీసుకుంటున్నాను, ఇంట్లో పసిపిల్ల ఉంది కదా.

ఇక నీ సంతకం సంగతి. మంగళవారం వచ్చారు. ఒక పూటలో దిమ్మ కట్టేశారు, మీ బావ చూసి సిమెంటు పాలు తక్కువని గొణిగాడు. దానికి ఇత్తడి పంపు బిగించారు. కింద గొట్టం జానెడు కూడా లేదు. ఫోటో తీసేవాడు, ఇన్‌స్పెక్టరు, వీధంతా చుట్టూ నిలబడ్డారు. తిప్పమ్మా అన్నాడు. తిప్పాను. లోపలినుంచి ఓ సాలీడు బయటికొచ్చి, ఇంతమందిని చూసి మళ్ళీ లోపలికి పోయింది.

"తిప్పినట్టు నిలబడితే చాలమ్మా, నీళ్ళు ఫోటోలో కనబడవు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"బిందెలో కనబడాలి కదండీ" అన్నాను.

కాగితం ఇచ్చాడు. తీసుకుని, నర్సుతో మాట్లాడి సోమవారం తెచ్చిస్తానన్నాను. నేను నీ గురించి ఆలోచించలేదనుకోకు. నాలుగు రోజులు అదే ఆలోచించాను, రెండు గౌన్లకి చేతులు తిరగేసి కుట్టాను. నీ పాప మొహం నేనింకా చూడలేదు గానీ అది నా కళ్ళముందే ఉంది. కానీ ఇటు చూస్తే నా పిల్ల నోట్లో నీళ్ళు పోసుకోవడానికి భయపడుతోంది. నేను ఆ సంతకం పెడితే ఈ వీధిలో దాహం వేసిందని చెప్పే హక్కు కూడా మాకుండదు. కాగితం మీద మేం నీళ్ళు తాగేసి ఉంటాం. అందుకే పెట్టను. నువ్వు బతిమాలినా పెట్టను, నీ సూపరింటెండెంటు మెట్లెక్కి వచ్చి అడిగినా పెట్టను.

నిన్న సోమవారం ఏం చేశామో విను. మన వీధికి లైను ఉందని రాశావు కదా, సరే ఉంటుంది అనుకున్నాం. ఆఫీసు తెరిచే వేళకి నలభై ఒక్క ఇంటివాళ్ళం ఖాళీ బిందెలతో దిగి, మీ శాఖవాళ్ళ ఊరాఫీసు గుమ్మం ముందు లైను కట్టాం. అందరికంటే ముందు అమ్మ చిల్లు బిందె. లోపల తోటలో పంపుంది, తోటమాలి రంగురంగుల మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. అక్కడే నిలబడ్డాం. ఆఫీసరు బయటికొచ్చాడు.

"ఇది ఆఫీసు పంపమ్మా."

"అవునండీ. మా పంపులో సాలీడు కాపురముంటోంది. దాన్ని లేపడం బాగోదని ఇక్కడికొచ్చాం."

ఒక్కరమూ గొంతు పెంచలేదు. ఎవరి వంతు వస్తే వాళ్ళు పట్టుకుని పక్కకి జరిగారు. ఎండ ముదిరాక నర్సు లోపలికి వెళ్ళి, "బాత్రూము ఎటండీ?" అని మర్యాదగా అడిగింది. దానికీ లైను కట్టాం. నీ మేనకోడలు తలుపు దగ్గర నిలబడి వరుస తప్పకుండా చూసింది. కాసేపటికి ఆఫీసరుకీ అవసరం వచ్చింది. వెనక నిలబడండి సార్, మీది పంతొమ్మిదో వంతు అంది మనమ్మాయి. ఆయన నిలబడ్డాడు. ఏం చేస్తాడు, అవసరం అలాంటిది. ఆ నిలబడడంలో ఆయన మొహం చూడాల్సిందిరా. మొదటిసారి మా సంగతి ఎవరూ చెప్పకుండానే ఒక ఆఫీసరుకి అర్థమైంది.

కాగితం ఇచ్చేశాను. నీళ్ళు అందుతున్నాయి అని అచ్చువేసి ఉన్నచోట అడ్డంగా కొట్టేసి, కింద నా చేత్తో రాశాను: "పంపు ఉంది. సాలీడు ఉంది. లైను ఉంది. నీళ్ళు లేవు." సంతకం పెట్టాను. నా కింద మిగతా నలభై ఇళ్ళవాళ్ళూ పెట్టారు, రాయడం రానివాళ్ళు వేలిముద్ర వేశారు.

ఆ కాగితం నేరుగా నీ బల్లమీదికే వస్తుందని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. చింపేస్తావో, ఫైల్లో పెడతావో నీ ఇష్టం. చింపినా నువ్వు నా తమ్ముడివే. ఇంకోటి రాసి పంపిస్తాను, అంతే.

మీ అక్క

---

మార్చి 28

అక్కా,

ముందు నీమీద చాలా కోపం వచ్చింది. తమ్ముణ్ణి వీధిలో పెట్టావని ఒక ఉత్తరం రాశాను కూడా. పోస్టు చేయలేదు. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

నీ కాగితం వచ్చిన రోజు సూపరింటెండెంటుగారు పిలిచారు. కుర్చీ చూపించారు. కూజాలోంచి గ్లాసులో నీళ్ళు తనే వంచి నా ముందు పెట్టారు. "ఈ కాగితం దారిలో ఎక్కడో పోయిందయ్యా. మనకి అందలేదు. సరేనా?" అన్నారు. నాకు దాహంగానే ఉంది. గ్లాసు ఎత్తాను. నోటిదాకా తెచ్చాను. తాగలేకపోయాను అక్కా. తాగితే వెళ్ళాలిగా అని పిల్ల అన్న మాట రాశావు చూడు, అది గుర్తొచ్చింది. గ్లాసు దించేసి, "అందిందండీ, నేనే తీసుకున్నాను" అన్నాను.

బల్ల దగ్గరికి వచ్చి ఫైలు మీద రాశాను. ఫలానా వీధి గడిలో 'లైను ఉంది' అని రాసినది నేను. ఆ మాటకి అక్కడివాళ్ళ అర్థం బిందెల వరుస. గొట్టం లేదు, నీళ్ళు లేవు. రిపోర్టు రాకముందే రాయడం నా తప్పు. వీధి పక్కన మళ్ళీ 'లేదు' అని రాసి, నీ కాగితం దానికి కుట్టి, పై ఆఫీసరుకి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఎనిమిదేళ్ళు రాసిన మాటే, ఈసారి రాస్తే ఊపిరాడింది.

ఆయన చదివి, జాబితా తెప్పించుకుని పేజీలు తిప్పారు. తర్వాత, "ఇలాంటి 'ఉంది'లు ఈ జాబితాలో ఇంకెన్ని ఉన్నాయి?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఎవరికీ తెలియదు.

నాకు మెమో ఇచ్చారు. ఉద్యోగం పోలేదు, కుర్చీ పోయింది. నన్ను ఫీల్డుకి వేశారు. జాబితాలో 'ఉంది' అన్న ప్రతి వీధికీ నడిచి వెళ్ళి పంపు తిప్పి చూసి రాయాలట. ఇది నీకు శిక్ష అన్నారు. మొదలు మన వీధి నుంచే, ఏప్రిల్ పదిహేనున వస్తాను. ట్యాంకరు మళ్ళీ పంపమని ఉత్తర్వు వెళ్ళింది. రాకపోతే ఎవరినీ అడగకు, ఏం చేయాలో నీకు తెలుసు.

గుమ్మంలోకి రానిస్తావా?

నీ తమ్ముడు

---

ఏప్రిల్ 9

ఒరేయ్ తమ్ముడూ,

ట్యాంకరు వచ్చింది. రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, మేం మళ్ళీ బిందెలు తీసి మెట్లు దిగబోతున్నామని ఎవరో చెబితే పరుగెత్తుకుంటూ వచ్చింది.

పిల్ల పరీక్షలు అయిపోయాయి. లెక్కల పరీక్ష మధ్యలో చెయ్యెత్తి మంచినీళ్ళు అడిగి తాగిందట. కాసేపటికి మళ్ళీ చెయ్యెత్తి బాత్రూము ఎటని అడిగిందట. పంతులమ్మల గదిది తప్ప వేరేది లేదంటే, అదే చూపించండి అందట. ఇదంతా ఊరాఫీసులో నేర్చుకున్న చదువు.

పిండిమర దగ్గర మట్టి తవ్వుతున్నారు. గొట్టాలు దించారు, మీ బావ వెళ్ళి ఒక్కోటి వేళ్ళతో కొట్టి చూసి వచ్చాడు. నిన్న ఇన్‌స్పెక్టరు ఇంకో కాగితం తెచ్చాడు, పని మొదలైందని సంతకం కావాలట. పని పూర్తయి బిందెలో నీళ్ళు పడ్డాక రండి, తడి చేత్తో పెడతాను అన్నాను. ఈసారి వాదించలేదు. వెళ్ళేముందు సాలీడు ఎలా ఉందని అడిగాడు. గుడ్లు పెట్టిందని చెప్పాను.

నీకో పని. ఆ గడి పైన 'లైను' అని రాసి ఉంటుంది కదా, అది కొట్టించెయ్యి. 'నీళ్ళు' అని రాయించు. ఆ మాటకి మీ ఆఫీసులోనైనా మా వీధిలోనైనా ఒకటే అర్థం.

గుమ్మంలోకి రానిస్తానా అని అడిగావు. పదిహేనో తేదీ ట్యాంకరు వచ్చే రోజు. మీ ఆవిణ్ణీ పాపనీ తీసుకురా, వాళ్ళని నేరుగా ఇంట్లోకి రానిస్తాను. నిన్ను మాత్రం రానివ్వను, ముందు లైన్లో నిలబడాలి. నీ చోటు నా వెనకే పట్టి ఉంచుతాను. పోల్చుకోవడం కష్టం కాదు, నువ్వు చిల్లు చేసిన బిందె ఉంటుంది అక్కడ.

మీ అక్క